దండెం, సందుగ, బీరువా

అమీరుపేటలోనో పంజగుట్టలోనో అద్దె ఇల్లు చూడవచ్చిన గృహిణి మొదట నీటిని గురించి అడుగుతుంది. ఆ తరువాత గోడలవంక చూచి, బట్టలు ఎక్కడ పెట్టుకోవాలని అడుగుతుంది. గదులు చిన్నవి. అటక వంటసామానుతోనే నిండిపోతుంది. కిటికీ ఒక గోడను, తలుపు మరొక గోడను తీసుకొంటాయి. చదువులకూ ఉద్యోగాలకూ జిల్లాలనుంచి వచ్చి ఇక్కడి వసతిగృహాలలో దిగే యువతీయువకులకు దక్కే చోటు ఇంకా తక్కువ: ఒక మంచం, దాని క్రింద ఒక పెట్టె, తలవైపున గోడకు ఒక మేకు.

ఈ ఇబ్బంది ఎప్పుడూ ఉన్నదేనా? మన తాతల ఇండ్లలో బీరువాలు లేవు. అయినా బట్టలకు చోటు లేదని వారు బాధపడినట్లు వినము. దీనికి కారణం వెదకబోతే, మాకు ఇంటి గోడలోను, ఒంటిమీది బట్టలోను కూడా కొంత చరిత్ర కనిపించింది.

పాత పెంకుటింటి మట్టిగోడ మూరెడు మందం ఉండేది. అందులో గూళ్ళు తొలిచేవారు. చెక్కతలుపులు బిగిస్తే అదే అలమర. గోడకు చిలక్కొయ్యలు, వాసాలనుంచి వ్రేలాడే దండెం, మూలన భోషాణం లేక సందుగ, పైన అటక - ఇంతటితో ఇల్లు సరిపోయేది. సామాను చాలవరకు గోడలోపలో నెత్తిమీదో ఉండేది గనుక నేల మనుషులకు మిగిలేది. నేటి ఇటుకగోడ జానెడు మందం ఉంటే గొప్ప. గూడు తొలిచే వీలు లేదు. గోడలో ఉండవలసిన అలమర బయటికి వచ్చి గదిలో నిలబడింది.

బట్ట సంగతీ ఇటువంటిదే. చీర, పంచె, కండువా కుట్టని బట్టలు. ఆరు గజాల చీర మడతపెడితే పలకంత అవుతుంది. ఏ పెట్టెలోనైనా ఇముడుతుంది. కోటు, చొక్కా, లాగు కుట్టుడు బట్టలు. మనిషి ఆకారం వాటిలో నిలిచి ఉంటుంది. పెట్టెలో కుక్కితే నలుగుతాయి. వాటికి తగిలించే చోటు కావాలి, లోతు కావాలి. కుట్టుడు బట్ట పెరిగినకొద్దీ, నిలువు అలమర అవసరమూ పెరిగింది. ఆ మాట కూడా మనది కాదు. పోర్చుగీసువారి నోటినుంచి వచ్చింది. బొంబాయిలో 1897లో తాళాల తయారీతో మొదలైన గోద్రెజ్ సంస్థ, 1923లో ఉక్కుబీరువాల తయారీ చేపట్టింది. తరువాతి కాలంలో అద్దం బిగించిన ఇనుపబీరువా పెండ్లిసామానులో చేరి మధ్యతరగతి ఇంటికి గౌరవచిహ్నమైనది.

చోటుకు కొదువే లేనివారి సంగతి ఎట్లా ఉండేదో చూడాలంటే మూసీనది దాటి పాతనగరంలోని పురానీ హవేలీకి వెళ్ళాలి. మీర్ మహబూబ్ అలీఖాన్ 1869లో, మూడేండ్లు నిండకముందే, ఆరవ నిజాం అయి 1911లో మరణించేవరకు ఆ స్థానంలో ఉన్నారు. ఆయన దుస్తులకోసం అమర్చిన కొయ్య అలమరల వరుస ఆ భవనంలో ఒక ప్రక్క పొడవునా, రెండు అంతస్తులుగా సాగుతుంది. పై అంతస్తును అందుకోవడానికి చేతితో త్రిప్పే కొయ్యలిఫ్టు కూడా ఉన్నది. ఒకసారి తొడిగిన దుస్తును ఆయన మళ్ళీ తొడిగేవారు కారని ప్రసిద్ధి.

ఇంత అలమర గల ప్రభువు ఇంట్లోనే ఒక వస్తువు మరుగున పడింది. 1891లో జేకబ్ అనే వర్తకుడితో ఒక వజ్రం బేరం పేచీలో పడి కలకత్తా న్యాయస్థానానికి ఎక్కింది. వజ్రం నిజాముకే దక్కింది గాని, దానిమీద ఆయన మనసు విరిగింది. ఆయన మరణానంతరం కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు అది తండ్రిగారి పాదరక్ష కొనలో దొరికిందనీ, దానిని కాగితాలు ఎగరకుండా బరువుగా వాడుకొన్నారనీ చెబుతారు. 184 కారట్లకు పైబడిన ఆ వజ్రం, 1995లో భారత ప్రభుత్వం కొన్న నిజాం నగలలో ఒకటి.

ఈ ఉస్మాన్ అలీఖాన్‌నే 1937లో అమెరికాలోని టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖపత్రంపై వేసింది. దుస్తుల విషయంలో ఆయన తండ్రికి పూర్తిగా విరుద్ధం. పాత టోపీతో, మాసిన షేర్వానీతోనే ఆయన రూపం జనులకు గుర్తున్నది. ఒకే వంశంలో ఒకరికి భవనమంత అలమర చాలలేదు, మరొకరికి ఒక కొక్కెం చాలింది. చోటును నిర్ణయించేది గోడలు మాత్రమే కాదన్నమాట.

నవాబు ఫఖ్రుల్ ముల్క్ గుట్టమీద ఇర్రం మంజిల్ కట్టించుకొన్న నాటికి పంజగుట్ట నగరానికి వెలుపలి తావు. 2017లో మెట్రోరైలు వచ్చిన తరువాత అమీరుపేట రెండు మార్గాలు కలిసే కూడలి అయినది. ఇక్కడ ఇంటిలో గోడ మందం పెరగదు. కనుక పాత ఇంటి పద్ధతినే కొత్త ఇంటికి సరిపెట్టుకోవాలి. మడతకు లొంగే చీరలు, పంచెలు, దుప్పట్లు మంచం క్రింది పెట్టెలోకి పోవాలి. బీరువాలోని నిలువు చోటు కుట్టుడు బట్టలకే మిగలాలి. రవికెను దాని చీర మడతలోనే ఉంచితే వెదకులాట తప్పుతుంది. గాజులను వరుసగా దారానికి గుచ్చి తలుపు లోపలివైపు తగిలించవచ్చును. ఉన్నిబట్టలు చలి వెళ్ళగానే అటకెక్కాలి.

ఒక్క హెచ్చరిక మాత్రం మా ఇంటి అనుభవంనుంచి చెబుతున్నాము. పంజగుట్టలో రెండు గదుల ఇంట్లో ఆరుగురం ఉన్న రోజులలో మా అమ్మగారి పెండ్లి పట్టుచీర ట్రంకుపెట్టె అడుగున ఉండేది. చోటు లేదు గనుక దానిమీద దుప్పట్లు పేర్చాము. దుప్పట్లమీద పుస్తకాలు పేర్చాము. చీర భద్రంగా ఉన్నదనే అనుకొన్నాము. ఏండ్ల తరువాత చెల్లెలి పెండ్లికని తీసి విప్పితే, మడత మడతకూ చిట్లిపోయి ఉన్నది. జరీ నల్లబడింది. కలరా ఉండలు జరీకి తగులుతూ ఉన్నాయి. అమ్మగారు ఏమీ అనలేదు. విప్పిన చీరను అవే మడతలమీద మళ్ళీ మడిచి ఒడిలో పెట్టుకొన్నారు.

పట్టుచీరను పలుచని నూలుగుడ్డలో చుట్టి ఉంచాలి. మూడు నాలుగు నెలలకొకసారి విప్పి, నీడలో గాలికి ఆరవేసి, మడత మార్చాలి. ఇది అరగంట పని. చెప్పులో దాగిన వజ్రం ఎన్నాళ్ళకు దొరికినా వజ్రమే. చీర అట్లా కాదు. అది మన చేయి తగులుతున్నంత కాలమే చీరగా ఉంటుంది.