ఎనభై గడుల పంక్తి

అమెరికాలోని బ్రూక్‌హావెన్ జాతీయ పరిశోధనాలయంలో 1971లో ప్రోటీన్ డేటా బ్యాంక్ ఏర్పడినప్పుడు అందులో ఉన్నవి ఏడు నిర్మాణాలు మాత్రమే. స్ఫటికాలపై ఎక్స్ కిరణాలు ప్రసరింపజేసి, అణువులో ఏ పరమాణువు ఎక్కడున్నదో నిర్ణయించిన ఫలితాలవి. 1970ల దశకంలో వాటికి స్థిరపడిన రూపం సాదా అక్షరాల పట్టిక: పరమాణువుకొక పంక్తి, పంక్తికి ఎనభై గడులు. ఎనభయ్యే ఎందుకనగా, ఐ.బి.ఎం. సంస్థ 1928లో ప్రవేశపెట్టిన పంచ్ కార్డుకు అన్ని నిలువు గడులుండేవి. కార్డులు పోయినవి, గడులు మిగిలినవి.

ఈ పట్టికను చదివే ప్రోగ్రాము వ్రాయబూనిన కొత్తవారు ఖాళీ కనబడిన చోటల్లా పంక్తిని విడగొడతారు. చాలా పంక్తులకు అది చెల్లుతుంది; ప్రమాదమంతా అందులోనే ఉన్నది. మొదటి నిరూపకానికి 31 నుండి 38 వరకు, రెండవదానికి 39 నుండి 46 వరకు గడులు కేటాయించారు. -104.271 అనే సంఖ్య ఎనిమిది గడులనూ నింపివేస్తుంది. దాని వెంట -112.350 వచ్చినదా, నడుమ ఖాళీయే ఉండదు.

అంతకంటె విచిత్రమైనది పరమాణువు పేరు. దాని చోటు 13 నుండి 16 వరకు. సి, ఏ అనే రెండక్షరాలు 13వ గడిలో మొదలైతే కాల్షియం. 14వ గడిలో మొదలైతే ఆల్ఫా కార్బన్. ముందున్న ఖాళీని వ్యర్థమని తుడిచివేస్తే ఆ భేదమూ పోతుంది.

మన ఛందస్సు చదివినవారికి ఇది క్రొత్త కాదు. ఉత్పలమాలలో యతిస్థానం పదవ అక్షరం. పదం ఎక్కడ విరిగినదో చూస్తే అది దొరకదు, లెక్కపెట్టవలసినదే. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ భాషకు ఈ లెక్క సహజం. ఎన్ని గడులు చదవాలో దానికి ముందే చెప్పవచ్చు.

అయితే లెక్కకూ హద్దున్నది. పరమాణువు క్రమసంఖ్యకు ఐదే గడులు, అనగా 99,999 వరకే. అణువులోని గొలుసు పేరుకు ఒకే గడి. 2009లో వెంకటరామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అదా యోనత్‌లకు నోబెల్ తెచ్చిన రైబోజోము వంటి మహానిర్మాణాలు ఇందులో ఇమడక, పలు ఫైళ్లుగా ముక్కలయ్యాయి. ఒక్క ముక్కను చదివిన ప్రోగ్రాముకు రైబోజోములో సగమే ప్రపంచం! 2014లో వాటిని ఎంఎంసిఐఎఫ్ అనే రూపంలో మరల ఒకటి చేశారు. 2019 జూలై నుండి స్ఫటిక పరిశోధకులు తమ ఫలితాలను ఆ రూపంలోనే సమర్పించవలసి వచ్చినది.

అందులో ఏ విలువ ఏమిటో పట్టిక తలమీదనే పేర్లుంటాయి, విలువల నడుమ ఖాళీ తప్పనిసరి. కాని ఖాళీ కలిగిన విలువను ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచుతారు కనుక, అక్కడా కేవలం ఖాళీని నమ్మి విడగొట్టరాదు.