పావగడసీమ బాటలు, నీటిత్రోవలు

పావగడ తాలూకా కర్ణాటకమున తుమకూరు జిల్లాకు చెందినదైనను దాదాపు అన్నివైపుల ఆంధ్రభూమి దానిని చుట్టియున్నది. మధుగిరి మీదుగా తుమకూరు పోవువారు నడుమ మడకశిర సీమను దాటవలెను. ఇట్టిచోట బాట తెగిన పాలనయే తెగును.

కఱవుసీమలో బాటలను చెఱచునది ఎండ యని తలచుట సహజము. నిజమునకు చెఱచునది నీరే. ఏండ్లతరబడి ఎండియున్న వాగు ఒక్క రాత్రి పొర్లిన చాలును.

ఈ సీమలో పెక్కుచోట్ల చెఱువుకట్టయే ఊరిబాట. మైసూరు ప్రధాన ఇంజనీరుగా పనిచేసిన శాంకీ దొర (బెంగుళూరి శాంకీ చెఱువు ఈయన పేరిటిదే) ఈ రాజ్యపు చెఱువులు గొలుసువలె కూర్పబడి, ఒకదాని మరువనీరు మఱొకదానిలో పడుటను గుర్తించెను. పైచెఱువు తెగినచో క్రిందివియు, వానితో బాటలును తెగును. కావున కట్టమీద బండి తోలుకొనువానికి మరువ బాగుండుటలో స్వార్థము కలదు.

1834 నుండి 1861 వఱకు కమిషనరుగా నుండిన మార్క్ కబ్బన్ కాలమున మైసూరు రాజ్యములో సుమారు 1,600 మైళ్ల బాటలు పడెను. పిమ్మట 1876-78 మహాక్షామము వచ్చెను. 1871లో 50 లక్షలకు మించియుండిన రాజ్యజనసంఖ్య 1881 నాటికి 42 లక్షలకు దిగెను. ఆకలిగొన్నవారికి చూపిన పనులలో కంకర కొట్టుట, బాటలకు మట్టి పోయుట ముఖ్యములు. ఆ పనిని నిందించుట తగదు. ప్రాణములు నిలుపుటయే దాని ప్రయోజనము. కాని మట్టిపనిలో కూలి యెక్కువ. తూము కట్టుటకు మేస్త్రీయు, రాయియు, సున్నమును వలెను. అందుచే కఱవుపని మట్టివైపే మొగ్గును. పైగా వాగు ఎండియున్న యేట బాట వేయువానికి నీటిత్రోవ కానరాదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టములోను సామగ్రి వ్యయము నూటికి 40 మించరాదను నియమముండెను. కాలము మాఱినను లెక్క మాఱలేదు.

వాన మాత్రము మాఱుచున్నది. భూతాపము ఒక డిగ్రీ పెరిగిన దినవారీ అతివృష్టి సుమారు 7 శాతము తీవ్రమగునని అంతర్జాతీయ వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘము 2021లో తెలిపినది. ఆ యేటి నవంబరులోనే పెన్న పొంగి నెల్లూరు చెంత జాతీయ రహదారిని కోసివేసెను. పావగడ తాలూకాలో నాగలమడికె నంటి పాఱు ఉత్తరపినాకిని ఈ పెన్నయే.

తూర్పు ఆఫ్రికాలోని కెన్యాదేశమున కిటుయి, మకువేని సీమలు పావగడవలెనే మెట్టభూములు. అచ్చట ఇసుకవాగులను బాట దాటుచోట గొట్టములులేని చప్టాను గట్టిరాతివఱకు దింపి కట్టుదురు. వఱద దానిమీదుగా పొర్లిపోవును. ఎగువ ఇసుక మేటవేసి, తన లోపల నీటిని దాచును. బాటయే ఆనకట్ట యగుచున్నది. ఈ సంగతి పావగడవారికి కొత్తగా తోపదు. ఇసుకనేలను త్రవ్వి ఊటనీటిని కాలువకు మళ్లించు తలపరిగెలు పావగడ, మధుగిరి, కొరటగెరె సీమలకు ప్రసిద్ధములు.

అయితే చప్టా ఎగువ ఊట పెరిగిన దిగువ ఊట తగ్గవచ్చును. వాగులోని ఇసుకను లారీల కెత్తినచో ఎవరికిని మిగులదు. బాటకు కొలతలు తీయకముందే ఎగువ దిగువ గ్రామములవారు కూర్చుండి తేల్చుకొనవలసిన పంపకమిది.