ఇల్లు అంటుకోకముందే తవ్విన బావి

పొయ్యి దగ్గరికి జరుగు నాయనా. ఈ చలికి బయటికెళ్ళి చేసేదేముంది? మన మాంట్రియల్ పాత ముచ్చట ఒకటి చెబుతా, విను.

1995లో ఉత్తరానికి 45 సెంట్ల బిళ్ళ అతికిస్తే కెనడాలో ఏ మూలకైనా పోయేది. రెండు డాలర్లకి ఇంకా కాగితం నోటే, నాణెం మరుసటేడు వచ్చింది. నోటు మీద ఇంగ్లీషూ ఫ్రెంచీ పక్కపక్కనే. కొట్లోకి అడుగుపెడితే ‘బోంజూర్, హాయ్’ అనేవారు. నువ్వు ఏ భాషలో బదులిస్తే బేరం ఆ భాషలోనే. దూరపు ఊరికి ఫోను చేస్తే కన్ను గడియారం మీదే, నిమిషానికింత అని బిల్లు పడేది మరి. నవ్వకు, రోజంతా వీడియో కాల్లో ఉండేవాడికి ఆ బాధ ఏం తెలుసు!

ఆ ఏడు అక్టోబరు 30న మన క్యూబెక్ రాష్ట్రం కెనడా నుంచి విడిపోవాలా వద్దా అని ఓటింగు. విడిపోదామనే గాలి జోరందుకునేసరికి మిగతా దేశానికి గుండె గుభేలుమంది. 27న ఇక్కడి ప్లాస్ దు కెనడాలో సభ పెట్టారు. విమానాలవాళ్ళూ రైళ్ళవాళ్ళూ టికెట్లు తగ్గించారు. జనం బస్సులు కట్టుకుని కూడా వచ్చారు. లక్షమంది అని కొందరు, అంత లేరని కొందరు. లెక్కకేం గానీ, ఓ భారీ జెండా జనం తలల మీదుగా చేతులు మారుతూ సాగింది. మీరు మాకు కావాలి అని చెప్పడానికే అంత దూరం వచ్చారు పాపం.

ఓట్లు లెక్కపెడితే వద్దన్నవారు 50.58 శాతం, కావాలన్నవారు 49.42. తేడా 54 వేల చిల్లర. దేశం వెంట్రుకవాసిలో నిలిచింది. కానీ ఇన్నాళ్ళూ లేని ప్రేమ ఇవాళ ఎక్కడిదని నొచ్చుకున్న క్యూబెక్ వాళ్ళూ ఉన్నారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టనిపించింది వాళ్ళకి. అందులో అబద్ధమేముంది?

     

ఆ బావిని ముందే తవ్వినవాళ్ళు నది అవతల సెయింట్ లాంబర్ట్ తల్లిదండ్రులు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకి చదువంతా ఫ్రెంచిలో మొదలుపెట్టండని బడి బోర్డు చుట్టూ తిరిగారు. బోర్డు కాదంది. అడగందే అమ్మైనా పెట్టదని పట్టు వదల్లేదు. మెక్‌గిల్ ప్రొఫెసర్ వాలెస్ లాంబర్ట్ అండగా నిలిచాడు. 1965లో తరగతి మొదలైంది. పిల్లలకి ఇంగ్లీషు పోతుందని భయపడినవాళ్ళు లేకపోలేదు. ఆయన ఏటేటా పరీక్షించి చూస్తే, ఇంగ్లీషు పోలేదు, ఫ్రెంచి వచ్చింది. ఆ పద్ధతి దేశమంతా పాకింది. నువ్వు చదివింది ఆ పద్ధతిలోనే, తెలుసా?

సభలు వద్దనను. ఆపదలో కేకెయ్యాల్సిందే. కానీ దేశాన్ని కలిపి ఉంచేది పక్కింటివాళ్ళ భాష నేర్చుకునే ఓపిక. కింది వాటాలో పెద్దావిడకి ఫ్రెంచి తప్ప రాదు. రేపు నువ్వే తలుపు తట్టి, ఆవిడ భాషలో బాగోగులు అడిగి రా.