టోపీ తీసే కారు

కొత్తగా ఇంటికొచ్చిన కుట్టుమిషన్‌తోనైనా, ప్రెషర్ కుక్కర్‌తోనైనా మొదటి పది రోజులూ కాస్త మొహమాటంగానే ఉంటుంది. ఏ మీట ఎటు తిప్పాలో, దేనికి కోపం వస్తుందో తెలిసేదాకా దాన్ని మనమూ, మనల్ని అదీ పరీక్షగా చూసుకుంటూనే ఉంటాం. కారైతే ఆ మొహమాటం నెల్లాళ్ళు. అందులోనూ పైకప్పు ఊడదీసుకునే స్పోర్ట్స్ కారైతే, నడపడానికి ముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఊడదీసిన కప్పుని ఎక్కడ పెట్టాలి?

నవ్వకండి. గొప్ప గొప్ప ఇంజనీర్లే ఈ ప్రశ్న దగ్గర తడబడ్డారు.

1961లో ఇంగ్లండులో ట్రయంఫ్ టీఆర్4 అనే బండి వచ్చింది. దాని రూపం గీసినవాడు జొవాన్ని మికెలొట్టి అనే ఇటలీ దేశస్థుడు. ఆయన మనకి మరీ పరాయివాడేం కాదు. ఒకప్పుడు మద్రాసులో తయారై మన రోడ్లమీద తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ఆయన గీసిందే. ఈ టీఆర్4కి మరికాస్త డబ్బు పోస్తే వెనకవైపు గట్టి చట్రంలో అద్దం, నెత్తిమీద బోల్టులు విప్పి తీసేసే లోహపు పలక ఇచ్చేవారు. బాగుంది కదా! తీరా పలక ఊడదీశాక చూస్తే అది కారులో ఎక్కడా పట్టదు. ఇంట్లో గోడకి చేరవేసి వెళ్ళాల్సిందే. మరి దారిలో వాన వస్తే? ఇంగ్లండులో రాకుండా ఉంటుందా? అందుకని మడిచి దాచుకునే ఓ చిన్న చట్రం, దానిమీద పరుచుకునే గుడ్డ కూడా ఇచ్చారు. దాన్నే సర్రీ టాప్ అన్నారు. అంటే కప్పు ఇంట్లో ఉంటుంది, కప్పుకి బదులు కప్పు కారులో ఉంటుంది! కొత్తగా కొన్నవారికి ఆ గుడ్డ బిగించడం చేతికి అలవాటయ్యేదాకా ఎన్ని జల్లుల్లో తడవాల్సి వచ్చిందో పాపం.

అసలు మొదట్లో కార్లన్నీ కప్పులేనివే. గుర్రబ్బగ్గీలకి ఇంజను తగిలించారు, పేర్లు కూడా బగ్గీలవే ఉంచేశారు. క్యాబ్రియొలే అన్న ఫ్రెంచి పేరు గంతు అనే అర్థమున్న మాటనుంచి వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే దాని వేరు మేకలో తేలుతుంది. తేలికపాటి బగ్గీ మేకపిల్లలా ఎగిరెగిరి పడేదన్నమాట. ఆ ఎగురుళ్ళూ ఆ దుమ్మూ భరిస్తూ బండి నడిపిన ఆడవాళ్ళు లేకపోలేదు. 1905లో డొరొతీ లెవిట్ అనే ఇంగ్లీషు యువతి లండన్ నుంచి లివర్‌పూల్‌కి వెళ్ళి, తిరిగి లండన్ వచ్చింది, స్టీరింగు తన చేతిలోనే పెట్టుకుని. 1909లో ఆవిడ ‘ది ఉమన్ అండ్ ది కార్’ అని ఆడవాళ్ళకోసమే ఒక పుస్తకం రాసింది. ఏ భాగం ఎక్కడుందో, ఏది చెడితే ఏం చెయ్యాలో, తెరిచిన బండిలో ఏ బట్టలు కట్టుకోవాలో అన్నీ ఓపిగ్గా చెప్పింది. సీటుకింద సొరుగులో చేతి అద్దం ఒకటి ఉంచుకోమని కూడా చెప్పింది. మొహం చూసుకోవడానికే కాదు సుమండీ, అప్పుడప్పుడూ ఎత్తి పట్టుకుని వెనకాల ఏ బండి వస్తోందో చూసుకోవడానికి! కార్లకి వెనక చూపించే అద్దం మామూలు కాకముందే ఆడదాని సొరుగులో ఆ ఆలోచన పుట్టింది. అదే సొరుగులో చాక్లెట్లు కూడా పెట్టుకోమంది. ఆవిడంటే నాకు గౌరవం కలగడానికి ఇంకో కారణం అక్కర్లేదు.

తెరిచిన కారులో బట్టల సంగతి హాస్యం కాదు. 1927 సెప్టెంబరు 14న ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో ప్రఖ్యాత నర్తకి ఇసడోరా డంకన్ మెడలోని పొడవాటి పట్టు స్కార్ఫు ఆమె కూర్చున్న కారు చక్రంలో చుట్టుకుంది. ప్రాణం పోయింది. పమిటలూ చున్నీలూ ఉన్న మనకి ఈ భయం కొత్తగా చెప్పక్కర్లేదు. మోటారు సైకిలు వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రమైనా కప్పే అడ్డు ఉండాలని మన దేశంలో 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల్లోనే రాశారు.

ఇంతకీ, 1920ల ఆఖరుకి లోకమంతా కప్పున్న కార్లలోకి మారిపోయింది. గాలి కావాలనుకున్నవాళ్ళకి మాత్రమే తెరిచిన కార్లు మిగిలాయి. 1960ల్లో వాటికీ గండం వచ్చింది. అమెరికాలో కారు ప్రమాదాలమీద పెద్ద అలజడి లేచింది. రాల్ఫ్ నేడర్ పుస్తకం 1965లో వచ్చింది, మరుసటి ఏడు భద్రతా చట్టం వచ్చింది. కారు పల్టీ కొడితే కప్పులేని బండిలో తలకి దిక్కేదన్న ప్రశ్నకి ఎవరి దగ్గరా మంచి జవాబు లేదు. అలాంటి బండ్లని అమెరికా నిషేధిస్తుందని కంపెనీలన్నీ హడలిపోయాయి.

ఆ హడలులోంచి పుట్టిందే జర్మనీ వాళ్ళ పోర్షె 911 టార్గా. 1965 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో చూపించారు. సీట్ల వెనకాల అడ్డంగా, వెడల్పాటి ఉక్కు కమాను. బండి బోర్లాపడితే బరువు మోసేది అదే. దానికీ ముందు అద్దానికీ మధ్య ఉన్న కప్పు మాత్రం ఊడొస్తుంది. దాన్ని మడిచి ముందు డిక్కీలో పెట్టుకోవచ్చు. (ఇంజను వెనకాల ఉంటుంది, అందుకే ముందు చోటుంది.) మొదటి బండ్లలో కమాను వెనకున్న కిటికీ కూడా అద్దం కాదు, జిప్పు తీసి దించే ప్లాస్టిక్ పరదా. కప్పు, కిటికీ రెండూ కలిపి నాలుగు రకాలుగా మార్చుకోవచ్చని కంపెనీ నాలుగు పేర్లు కూడా పెట్టింది. జిప్పు తమాషా ఎన్నాళ్ళో నిలవలేదు. 1969కల్లా గాజు అద్దమే మామూలైంది.

సిసిలీ ద్వీపం కొండదారుల్లో 1906 నుంచి జరిగిన టార్గా ఫ్లోరియో పందెంలో పోర్షె చాలాసార్లు గెలిచింది, పేరు అక్కణ్ణించే తెచ్చుకున్నారు. ఇటాలియన్‌లో ఆ మాటకి ఫలకం అని అర్థం. కారు నంబరు ప్లేటునీ అదే అంటారు. ఇటలీవాళ్ళ చెవికి అదెలా వినిపించి ఉంటుందో ఊహించుకోండి.

అమెరికా వాళ్ళ 1968 కార్వెట్‌లో కప్పు మొత్తం ఒక్క ముక్కగా తీస్తే బండి ఒళ్ళు వదులవుతోందని నడుమ ఒక పట్టీ వదిలేసి రెండు పలకలు చేశారు. నన్నడిగితే 1972లో వచ్చిన ఇటలీ ఫియట్ ఎక్స్1/9 చేసినవాళ్ళే అందరికన్నా సంసారపక్షం మనుషులు. కప్పు తీసి ముందు డిక్కీలో పెట్టినా, దాని కింద సామాను పెట్టుకునే చోటు మిగిలేది. పెట్టె సర్దడం తెలిసిన వాళ్ళ పని అలా ఉంటుంది.

అందరూ భయపడ్డ నిషేధం మాత్రం రానే లేదు. అయినా అమెరికా కంపెనీలు తెరిచిన కార్లని ఒక్కొక్కటే మానేశాయి. 1976లో కాడిలాక్ ఎల్డొరాడోని ఆఖరిదని చెప్పి అమ్మారు. కొన్నేళ్ళకి మళ్ళీ అవే మొదలుపెట్టేసరికి, ఆఖరిదని నమ్మి కొని దాచుకున్నవాళ్ళు కోర్టుకెక్కారు.

టార్గాలో కూడా చేత్తో కప్పు తీసే పని తర్వాత పోయింది. 1995లో చూపించిన టార్గాలో గాజు కప్పు వెనక్కి జరిగేది, కమాను కనిపించకుండా పోయింది. 2014లో కమాను తిరిగొచ్చింది గానీ, కప్పు బరువు మోసే పని మనిషికి మిగల్లేదు. మీట నొక్కిపట్టుకుంటే వెనకున్న పెద్ద అద్దం మొత్తం పైకి లేచి వెనక్కి జరుగుతుంది, కప్పు మడుచుకుని దాని కిందకి వెళ్ళి పడుకుంటుంది. ఇరవై సెకన్ల పని. అయితే ఆ ఇరవై సెకన్లూ బండి కదలకూడదు, వెనకాల గోడా ఉండకూడదు.