నదీగర్భ మెవరిది?

అమెరికా ఖండపు వాయవ్యమూలనున్న అలాస్కాలోని మారుమూల నదులయందు పూర్వము పడవలు నడచెనా యని శోధించు పనిలో నేను కొంతకాలము శిక్షణ పొందితిని. ఇది వట్టి కుతూహలము గాదు. 1959లో అలాస్కా రాష్ట్రమైన నాటికి పడవలు నడువదగిన నదుల గర్భము సామాన్యముగా రాష్ట్రమునకు జెందును, తక్కినవి గట్టుభూములవారివి. సహజస్థితిలో వర్తకమునకు, ప్రయాణమునకు ఉపయోగపడదగినచో చాలునని 1870 నాటి తీర్పు. కావున వేటకాండ్ర దినచర్యలను, బంగారము వెదకినవారి యుత్తరములను మేము పరిశీలించితిమి.

గుల్కానా నదీగర్భము తమదని అహ్ట్నా ఆదివాసుల సంస్థ వాదించెను. చేపల వేటకు జనులను గొనిపోవు పడవల సాక్ష్యముపై 1989లో అప్పీలు న్యాయస్థానము అది రాష్ట్రముదే యని తీర్చెను. సామాన్యుల పడవ ప్రయాణమే నదిహక్కును తేల్చినది.

పెద్దలారా! మీ యేటి రేవులు, బల్లకట్టులు, పడవదారులు జ్ఞాపకమున్నచో వ్రాయించి యుంచుడు. చూచినవారు పోయిన పిదప సాక్ష్యము దొరకదు.