బెంజోపైరిన్ గాయాలు – డీఎన్‌ఏ మరమ్మతు చరిత్ర

బొగ్గు, కట్టెలు, పొగాకు సరిగా కాలనప్పుడు పుట్టే బెంజోపైరిన్ మానవ కణాల్లోని డీఎన్‌ఏను గాయపరుస్తుంది. ఆ గాయాన్ని కణం ప్రధానంగా ‘న్యూక్లియోటైడ్ కత్తిరింపు మరమ్మతు’ పద్ధతిలో బాగుచేసుకుంటుంది. విచిత్రంగా, ఈ పద్ధతి బయటపడింది రసాయనాల అధ్యయనంలో కాదు, అతినీలలోహిత కిరణాల అధ్యయనంలో.

మసికీ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని 1775లోనే లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ పొగగొట్టాలు శుభ్రం చేసేవారిలో గుర్తించాడు. 1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ రప్పించారు. ఆ తారులోంచి బెంజోపైరిన్‌ను 1930లలో లండన్ పరిశోధకులు వేరుచేశారు. నిజానికి అది నేరుగా డీఎన్‌ఏ జోలికి పోదు. దాన్ని నీళ్లలో కరిగేలా చేసి బయటికి పంపబోయి, మన ఎంజైములే దాన్ని ప్రమాదకారిగా మారుస్తాయి. అప్పుడది డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన గ్వానిన్‌కు అతుక్కుని డీఎన్‌ఏ ఆకారాన్ని వంకర చేస్తుంది.

1964లో అమెరికాలో సెట్లో, హోవర్డ్-ఫ్లాండర్స్, హనావాల్ట్ బృందాలు అతినీలలోహిత కిరణాలు తగిలిన బ్యాక్టీరియాలో కత్తిరింపు మరమ్మతుకు ఆధారాలు చూపాయి. జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే వంశపారంపర్య వ్యాధి ఉన్నవారికి ఎండ తగిలే చోట చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి. వారి కణాల్లో ఈ మరమ్మతే లోపించిందని 1968లో జేమ్స్ క్లీవర్ తేల్చాడు. ఆ కణాలు కొన్ని క్యాన్సర్‌కారక రసాయనాల దెబ్బనూ తట్టుకోలేవని తర్వాత తెలిసింది. కారణం సులువే: ఈ యంత్రాంగం గాయం చేసిందెవరని చూడదు, డీఎన్‌ఏ వంకర పోయిందా లేదా అనే చూస్తుంది.

ఆ వంకరను ఎక్స్‌పీసీ ప్రోటీన్ పసిగడుతుంది. టీఎఫ్‌ఐఐహెచ్ అనే ప్రోటీన్ల కూటమి అక్కడి డీఎన్‌ఏ రెండు పోగులను విప్పుతుంది. ఎక్స్‌పీఎఫ్, ఎక్స్‌పీజీ అనే ఎంజైములు గాయానికి చెరోవైపు కోస్తే సుమారు 30 న్యూక్లియోటైడ్ల ముక్క ఊడివస్తుంది. ఎదుటి పోగును చూసి పాలిమరేజ్ ఎంజైము ఖాళీని పూరిస్తే లైగేజ్ ఎంజైము అతుకు వేస్తుంది. ఈ కోతల లెక్క తేల్చిన అజీజ్ సాంకార్‌కు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. లిండాల్, మోడ్రిచ్ అందులో భాగస్వాములు.

మరమ్మతుకు ముందే కణం విభజనకు దిగితే గ్వానిన్ స్థానంలో థైమిన్ చేరి ఉత్పరివర్తనం స్థిరపడవచ్చు. క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 జన్యువులో బెంజోపైరిన్ ఎక్కువగా అతుక్కునే చోట్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో తరచూ మారే చోట్లు ఒకటేనని 1996లో వెల్లడైంది. 2017లో సాంకార్ బృందం ఈ గాయాల మరమ్మతుకు మానవ జన్యురాశి మొత్తం మీద పటం గీసింది. ఆ పటం ప్రకారం, చురుగ్గా పనిచేసే జన్యువుల్లో ఆర్‌ఎన్‌ఏ తయారీకి అచ్చుగా ఉండే పోగుకే మరమ్మతు ముందుగా అందుతుంది.