వద్దన్న మాటకు అర్థం: సన్నీవేల్, 1988

శత్రుదేశాల రాడార్, రేడియో సంకేతాలను దూరం నుంచే పట్టి, వాటి అర్థాన్ని విడమరచి చెప్పడం ఈ.ఎస్.ఎల్. సంస్థ వృత్తి. తరువాతి కాలంలో అమెరికా రక్షణమంత్రి అయిన విలియం పెర్రీ 1964లో స్థాపించిన సంస్థ అది. ప్రచ్ఛన్నయుద్ధం నడిచినంత కాలం సన్నీవేల్‌లో దానికి పనికి లోటు లేకపోయింది. అస్పష్టమైన ధ్వనిలోంచి అర్థాన్ని వెలికితీయడమే బతుకుతెరువైన ఆ చోట, ఒక అతి స్పష్టమైన మాట నాలుగేళ్లపాటు చెల్లకుండా పోయింది.

1984 ఏప్రిల్‌లో అక్కడి సాఫ్ట్‌వేర్ టెక్నీషియన్ రిచర్డ్ ఫార్లీకి, అదే సంస్థలో పనిచేస్తున్న ఇరవై రెండేళ్ల ఎలక్ట్రికల్ ఇంజనీరు ఒకామె పరిచయమయింది. అతనికి అప్పుడు ముప్పై అయిదేళ్లు. కలిసి బయటికి రమ్మని అడిగాడు. ఆమె మర్యాదగా రానన్నది. మళ్లీ అడిగాడు, మళ్లీ కాదన్నది. ఆపైన బహుమతులు, ఫోన్లు, ఉత్తరాలు మొదలైనాయి. నాలుగేళ్లలో ఆ ఉత్తరాలు రెండు వందల దాకా చేరాయి. ఆమె ఇంటి చిరునామా సంపాదించాడు, ఆమె వెళ్లే వ్యాయామ తరగతిలోనే చేరాడు. 1985లో ఆమె సంస్థకు ఫిర్యాదు చేయగా, మనోవైద్యుల సలహా తీసుకొమ్మని సంస్థ అతన్ని ఆదేశించింది. బెదిరింపులు మాత్రం ఆగలేదు. 1986 మేలో అతని ఉద్యోగం పోయింది. వెంటపడడం పోలేదు.

1988 ఫిబ్రవరి 2న ఆమె న్యాయస్థానం నుంచి తాత్కాలిక నిషేధాజ్ఞ పొందింది. దాన్ని శాశ్వతం చేసే విచారణ 17వ తేదీన జరగవలసి ఉంది. 16వ తేదీ మధ్యాహ్నం ఫార్లీ తుపాకులతో ఆ కార్యాలయంలోకి చొరబడ్డాడు. ఏడుగురు మరణించారు, నలుగురు గాయపడ్డారు. గాయపడ్డవారిలో ఆమె ఒకతె. భుజం ఛిద్రమైనా ప్రాణాలతో బయటపడింది. దాదాపు అయిదు గంటల తరువాత గానీ అతను లొంగిపోలేదు.

రెండేళ్లకు, 1990లో, భాషాశాస్త్రవేత్త డెబొరా టానెన్ రాసిన ‘యూ జస్ట్ డోంట్ అండర్‌స్టాండ్’ వెలువడింది. స్త్రీపురుషుల సంభాషణ రెండు భిన్న సంస్కృతుల మధ్య సంభాషణ వంటిదనీ, అపార్థాలకు దురుద్దేశమే కారణం కానక్కరలేదనీ దాని సారాంశం. భోజనాల బల్ల దగ్గర పుట్టే కలహాలకు ఆ పుస్తకం మంచి వెలుగే ఇచ్చింది. కానీ ఆ వాదం జనంలోకి వెళ్లేకొద్దీ దానికి మరో ఉపయోగం దొరికింది. ఆమె గట్టిగా చెప్పలేదు కాబట్టి అతనికి అర్థం కాలేదు అనే సమర్థన అది. నేరం అపార్థంగా మారింది, ఆ అపార్థాన్ని తొలగించే బాధ్యత బాధితురాలి మీద పడింది.

1999లో సీలియా కిట్సింగర్, హానా ఫ్రిత్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సమర్థనను సూటిగా ప్రశ్నించారు. నిత్యజీవితంలో ఎవరూ ఏ ఆహ్వానాన్నీ మొహం మీద కాదనరు. కాస్త తటపటాయిస్తారు, నొచ్చుకుంటారు, ఏదో కారణం చెబుతారు. అది నిరాకరణేనని ఆడవారికీ మగవారికీ తెలుసు. అటువంటప్పుడు ఈ ఒక్క విషయంలోనే మగవాడికి అర్థం కాలేదనడం నమ్మదగినది కాదన్నది వారి వాదం.

దీనికి తెలుగువారికి సాక్ష్యాలు వెతకవలసిన పని లేదు. పెళ్లిచూపులు ముగిశాక మగపెళ్లివారు “ఇంటికి వెళ్లి ఉత్తరం రాస్తాం” అంటే ఏ తండ్రికి అర్థం కాలేదు? “జాతకాలు కుదరలేదండీ” అన్న కబురుకు నిఘంటువు చూసిందెవరు? ఇంతటి సూక్ష్మగ్రాహ్యత గల సమాజమే, ఆడపిల్ల నోటి వెంట “వద్దు” అన్న మాట వచ్చేసరికి హఠాత్తుగా చెవిటిదవుతుంది. మౌనం అర్ధాంగీకారమంటుంది. మాట్లాడితే బెట్టు అంటుంది. వెంటపడి వేధించేవాణ్ణి నాయకుణ్ణి చేసి, చివరి రీలులో నాయికను అతనికి అప్పగించిన సినిమాలు ఎన్నో. సన్నీవేల్ ఉదంతం మీద 1993లో అమెరికాలో వచ్చిన టీవీ చిత్రానికి ‘ఐ కెన్ మేక్ యూ లవ్ మీ’ అని పేరు పెట్టారు. తెలుగు సినిమా నాయకుడు చేసే ప్రతిజ్ఞా అదే.

విరాటపర్వంలో కీచకుడికి సమాచార లోపం లేదు. సైరంధ్రి తనకు భర్తలున్నారని చెప్పింది, చేటు తప్పదని హెచ్చరించింది. అతను సభలోనే ఆమెను పరాభవించినప్పుడు, రాజు బావమరిదిని దండించలేక మిన్నకున్నాడు. అక్కడ విఫలమైనది సంభాషణ కాదు, రాజ్యం. చివరకు న్యాయం వంటశాలలోని భీముడి చేతుల మీదుగా, చీకట్లో జరిగింది.

ఆధునిక రాజ్యాలు ఈ సభాపరీక్షకు ఎలా నిలిచాయి? 1989లో నటి రెబెకా షేఫర్‌ను ఒక వెంటాడే అభిమాని చంపిన తరువాత, సన్నీవేల్ స్మృతి ఇంకా పచ్చిగా ఉండగానే, కాలిఫోర్నియా 1990లో దేశంలోనే మొదటిసారిగా వెంటాడటాన్ని ప్రత్యేక నేరంగా ప్రకటించింది. ఆ చట్టం 1991 జనవరి 1 నుంచి అమలయింది. ఉద్యోగి తరఫున యజమానే నిషేధాజ్ఞ కోరే వీలును 1994 నాటి చట్టం కల్పించింది. ఫార్లీకి 1992 జనవరిలో మరణశిక్ష పడింది. 2009లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది. 2019లో గవర్నర్ న్యూసమ్ రాష్ట్రంలో మరణశిక్షల అమలునే నిలిపివేశారు. నెమ్మదైనా, అదంతా వెలుగులో నడిచిన న్యాయం.

2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది. రోజుల వ్యవధిలో నిందితులు ముగ్గురూ పోలీసు ఎన్‌కౌంటర్‌లో మరణించారు. ఆ నెలాఖరుకు బాధితురాళ్లలో ఒకరు కన్నుమూశారు. జనం హర్షించారు. భీముడి న్యాయం జరిగింది గానీ, విరాటుడి సభ మారలేదు. వెంటాడటం అప్పటి భారత శిక్షాస్మృతిలో 354డి సెక్షన్‌గా చేరడానికి 2012 నాటి ఢిల్లీ ఘోరం, జస్టిస్ వర్మ కమిటీ నివేదిక, 2013 సవరణ చట్టం కావలసివచ్చాయి.

ఆ సెక్షన్‌లో ఒక మాట ఆలోచింపజేస్తుంది. స్త్రీ తన అయిష్టతను స్పష్టంగా సూచించిన తరువాత కూడా పదే పదే వెంటపడితే అది నేరం. కాలిఫోర్నియా చట్టం వేధింపునూ, బెదిరింపునూ, ఆమెకు కలిగిన భయాన్నీ చూస్తుంది. భారతీయ చట్టం ఆమె ఎంత స్పష్టంగా చెప్పిందన్నది కూడా చూస్తుంది. అంటే అపార్థమన్న వాదనకు న్యాయస్థానంలో ఇంకా ఒక కుర్చీ మిగిలే ఉంది.

సన్నీవేల్‌లో ఇప్పుడు తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఊరి ఇళ్లలో కొడుకులకు కోడింగ్ నేర్పే తల్లిదండ్రులు నేర్పవలసిన పాఠం మరొకటి ఉంది. నాలుగేళ్లపాటు ఆ ఇంజనీరు పలికిన మాటలో అస్పష్టత లేదు. మర్యాదగా చెప్పింది, ఖండితంగా చెప్పింది, సంస్థ ద్వారా చెప్పింది, చివరకు న్యాయస్థానం చేత చెప్పించింది. వినడానికి ఇష్టపడనివాడికి అంతకన్నా స్పష్టమైన భాష ఏ దేశంలోనూ లేదు.